పద్దు పుస్తకమే మొదటి పాఠం

"ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీ పుస్తకం ఇంగ్లీషు. మాకు ప్రోగ్రామింగ్ వస్తుందా?" అని మా విరూర్ పిల్లలు అడుగుతుంటారు. తప్పక వస్తుంది.

నేను కాలేజీలో నేర్చుకున్న కోబాల్‌కు 1959లో వ్యాపార లెక్కల కోసమే రూపకల్పన మొదలైంది. అందులో పేరు, బాకీ వంటి వివరాలు ముందు చెప్పాలి. లెక్క ఆ తర్వాతే. మన కిరాణా పద్దు కూడా అంతే కదా!

"గో టు" అంటూ ఎటుపడితే అటు దూకితే ప్రోగ్రాం చిక్కుపడుతుందని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లో హెచ్చరించారు. వరుస, షరతు, పునరావృత్తి: ఈ మూడూ చాలు. బాకీ ఉంటే చీటీ రాయి, లేకుంటే వదిలెయ్యి. తర్వాతి పేరు చూడు, పేర్లు అయిపోయేదాకా.

దీన్ని మొదట తెలుగులోనే కాగితం మీద రాయండి. ఆలోచన కుదిరితే ఏ కంప్యూటర్ భాషైనా లొంగుతుంది.