కొత్తది వేస్తే పోలేదా?

ఇంట్లో స్పానర్లు పెట్టుకుని చిన్నాచితకా పనులు తామే చేసుకునే కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఇంతే కదా, కొత్తది వేస్తే పోలేదా?" చొక్కా గుండీ ఊడినా, కుక్కరు వాషరు పోయినా ఆ మాట చెల్లుతుంది. బండి గేరుబాక్సులో పడిన వస్తువుకు మాత్రం చెల్లదు. అక్కడ వస్తువు పోలేదు, లోపలే ఉంది. ఈసారి మన శీర్షికలో ఆ సంగతి చెప్పుకుందాం.

గేర్ల స్కూటర్ల కాలం దాదాపు అయిపోయింది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ పేరుతోనే 2020లో బ్యాటరీ బండి వచ్చింది. దానికి చేత్తో మార్చే గేర్లు లేవు. అయినా మా షోలాపూర్‌లో మగ్గాలున్న వీధుల్లో, కాళ్ళ దగ్గర తువ్వాళ్ళ మూట పెట్టుకుని పోయే పాత స్కూటర్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. మా బావగారిదీ అలాంటిదే. వారమంతా మూటలు మోస్తుంది, సాయంత్రాలు మా అక్కను వెనక కూర్చోబెట్టుకుని గుడికీ బజారుకూ పోతుంది.

మొన్న ఒక ఆదివారం ఆ బండికి క్లచ్ ప్లేట్లు మార్చే పని మా మేనల్లుడు నెత్తిన వేసుకున్నాడు. మధ్యాహ్నానికి నల్లటి చేతులతో మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మామా, క్లచ్ తీస్తుంటే హాఫ్‌మూన్ కీ లోపల పడ్డది. చప్పుడు విన్న, గని కనబడ్తలేదు. దుకాణంల కొత్తది దొరుకుతది. అది వేసి మూసేస్తే బండి నడుస్తది గదా? బాపుకు చెప్పకు."

నడుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. నడవకపోతే ఎవరైనా వెతికి తీస్తారు.

ఆ కీ గోరంత ఇనుప బిళ్ళ, సగం కోసిన చందమామలా ఉంటుంది. ఇంజను ఇరుసుకూ క్లచ్‌కూ మధ్య గాడిలో కూర్చుని రెండూ కలిసి తిరిగేలా చేస్తుంది. ఈ రకం స్కూటర్లలో క్లచ్, గేర్లు ఒకే గూటిలో ఉంటాయి, ఒకే నూనెలో తడుస్తాయి. నూనె కూడా సుమారు పావు లీటరే. కాబట్టి క్లచ్ దగ్గర జారిన వస్తువు నేరుగా గేర్ల కిందికి చేరుతుంది. కొన్నాళ్ళు మూలన పడి ఉండవచ్చు. ఏదో ఒక గతుకులో ఎగిరి రెండు పళ్ళ మధ్య పడిందంటే పన్ను విరుగుతుంది, లేదా అల్యూమినియం గూడు పగులుతుంది. అంతకన్నా ఘోరం, నడుస్తున్న బండి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఆ క్షణాన వెనక సీటు మీద అక్క ఉండవచ్చు, పక్కన లారీ ఉండవచ్చు.

ఇదే చెప్పాను వాడికి. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత వాడే లోపలికి పోయి వాళ్ళ బాపుకు చెప్పి వచ్చాడు. బావగారు ఓసారి గట్టిగా నిట్టూర్చి, "సోమవారం మూటలు రిక్షాల పంపుత తియ్, మీరు నిదానంగ చూడుండ్రి" అన్నారు. ఆ ఒక్క మాటతో పని సగం తేలికయింది. తొందర ఉన్న చోట వెతుకులాట సాగదు.

వెతికే పద్ధతి ఇది. మొదట కిక్కు కొట్టకూడదు, చక్రం తిప్పకూడదు. తిప్పితే పైన ఉన్నది కిందికి, కింద ఉన్నది పళ్ళలోకి పోతుంది. నూనె తీసే రంధ్రంలోంచి బిళ్ళ దానంతటదే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ దారి సన్నన. పెట్రోలు పోసి కడగడం అసలే వద్దు, నిప్పుతో చెలగాటం. నూనె పూర్తిగా కారనిచ్చి, ట్యాంకులో పెట్రోలు తీసేసి, విప్పిన వైపుకు బండిని మెల్లగా వంచి టార్చి వేసి చూడాలి.

కనబడ్డాక అయస్కాంతం. మా అక్క కుట్టుమిషను దగ్గర సూదులు ఏరుకునే చిన్న అయస్కాంతం ఉంది. దాన్ని సైకిలు పుల్ల కొసకు దారంతో గట్టిగా కట్టాం. మొదటిసారి పెట్టగానే పోయి గేరుకు అతుక్కుంది. గేరూ ఇనుమే కదా! అప్పుడు పక్కలకు టేపు మందంగా చుట్టి కొస మాత్రం వదిలాం. రెండు గంటలు పట్టింది. ఇత్తడి, అల్యూమినియం వస్తువు పడితే అయస్కాంతం పనికిరాదు. పుల్ల కొసకు గట్టి గ్రీజు ముద్ద పెట్టి అంటించుకుని తీయాలి.

దొరికిందని సంబరపడే ముందు ఇంకొకటి చూడాలి. బిళ్ళ అంచులు పూర్తిగా ఉన్నాయా? మూల విరిగి ఉంటే ఆ ముక్క ఇంకా లోపలే ఉన్నట్టు. మాది పూర్తిగానే ఉంది. ఎంత వెతికినా దొరకకపోతే ఇంజను దించి గూడును రెండుగా విప్పడమే దారి. అది ఇంటి పని కాదు, గ్యారేజీ పని. ఖర్చవుతుంది, అవనివ్వండి.

మళ్ళీ పడకుండా మూడు జాగ్రత్తలు: క్లచ్ తీసే ముందు చుట్టూ ఖాళీల్లో శుభ్రమైన పెద్ద గుడ్డ కుక్కి, కొస బయటికి వేలాడదీయండి, మూసేటప్పుడు మరిచిపోకుండా ఉంటుంది. విప్పిన ప్రతిదాన్నీ పళ్ళెంలో వరసగా పెట్టి లెక్క కాగితం మీద రాయండి. కీ తిరిగి పెట్టేటప్పుడు గాడిలో కాస్త గ్రీజు రాయండి, జారదు.

నాలుగోది పెద్దవాళ్ళకు. పిల్లలు పనిముట్టు పట్టినప్పుడు ఏదో ఒకటి చేజారుతుంది. తిట్లకు భయపడిన పిల్లవాడు మూత బిగించి ఊరుకుంటాడు. ఆ బండి మీద మర్నాడు ఎక్కేది మనమే.

మా ఊరి మెకానిక్కులు ఈ బిళ్ళను హాఫ్‌మూన్ కీ అంటారు. బళ్ళారి, హోసూరు, బరంపురం, యానాంలలో ఏమంటారో రాయండి. వచ్చే సంచికలో చెప్పుకుందాం.