మాట ఆగాలి.. చూపు ఆగకూడదు

2001లో మూతపడిన కేజీఎఫ్ గనుల్లో పనిచేసిన పెద్దోళ్లు క్యాసంబళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. మనుషుల్ని వేల అడుగుల లోతుకు దింపే బోనును పైనుంచి నడిపే ఇంజిన్ డ్రైవర్ సంగతి వాళ్లను అడిగితే తెలుస్తుంది. లోతు చూపే ముల్లు మీద కన్ను, గంట మీద చెవి. పనిలో ఉన్న ఆ మనిషిని పలకరించడానికి వీల్లేదు. ఆయన ధ్యాస తప్పితే బోనులో ఉన్నోళ్ల గతేంటి?

విమానం నడిపేవారికీ అదే కట్టుబాటు కావాలి. అది నేర్పాల్సింది శిక్షణలోనే.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 విమానం బెంగళూరు హెచ్‌ఏఎల్ రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. అది ప్రయాణికులతో నడిచిన సర్వీసే అయినా, కమాండర్ హోదా కోసం ఒక పైలట్‌కు పక్కనే కూర్చున్న సీనియర్ పరీక్ష పెడుతున్న ప్రయాణం కూడా. ఇంజిన్లు ఐడిల్‌లో ఉండిపోయాయి, వేగం పడిపోతూ వచ్చింది. గమనించేసరికి చేయిదాటిపోయింది. ఇద్దరున్నా స్పీడు చూసినవారు లేరు.

2009 సెప్టెంబర్ 2న చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ఇది శిక్షణ కాదు, కానీ పాఠం ఒకటే. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్యను తేల్చుకోవడంలో పైలట్లు 14 నిమిషాలకు పైగా మునిగిపోయారని, ముందున్న వాతావరణం తీవ్రతను గుర్తించలేకపోయారని విచారణ కమిటీ చెప్పింది.

ధ్యాస మళ్లడమంటే కబుర్లు, సెల్‌ఫోను మాత్రమే కాదు. చేయాల్సిన పనే ధ్యాసను దోచుకుంటుంది. 1972లో అమెరికాలో చక్రాల దీపం వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ దాని వెంట పడ్డారు. ఈస్టర్న్ విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో కూలింది. 101 మంది పోయారు. ఇలాంటివి చూశాకే 10 వేల అడుగుల లోపు అనవసర మాటలు, పనులు కూడదని 1981లో అక్కడ ఎయిర్‌లైన్స్‌కు నిబంధన వచ్చింది.

అయితే చిన్న శిక్షణ విమానం దాదాపు ఎప్పుడూ ఆ ఎత్తు లోపలే ఎగురుతుంది. గురువు మాట్లాడకపోతే పిల్లోడు నేర్చుకునేదెట్లా? అందుకే ఏ మాట ఎప్పుడన్నదే ముఖ్యం. పాఠం ఎగరకముందు నేల మీద చెప్పాలి. తప్పులు దిగినాక విప్పి చెప్పాలి. దిగేటప్పుడు అవసరమైన ముక్క చాలు. ఆ సమయంలో పడే తిట్టు పిల్లోడి కన్నును స్పీడు మీటరు మీద నుంచి తప్పిస్తుంది.

టేకాఫ్‌లో తలుపు సరిగా పడక తెరుచుకుంటుంది అప్పుడప్పుడు. చిన్న విమానం అలాగే ఎగరగలదు. తలుపు లాగబోయి ముక్కు పైకెత్తి, వేగం పోగొట్టుకుంటేనే ప్రాణం మీదికొస్తుంది. నేలకు దగ్గరగా అలా జరిగితే సర్దుకునే ఎత్తుండదు. అందుకే మంచి శిక్షకులు తగినంత ఎత్తులో కావాలనే ధ్యాస మళ్లించి, ముందు విమానం, తర్వాతే మిగతావన్న అలవాటు నేర్పుతారు.

ప్రమాదం జరిగితే 'పైలట్ తప్పిదం' అని రాసి ఫైలు మూయడం సులువు. ఆ ధ్యాస ఎందుకు మళ్లింది, మళ్లకుండా ఎవరు నేర్పాల్సిందన్న ప్రశ్న మిగిలిపోతోంది. డీజీసీఏ తనిఖీల్లో ఎగిరిన గంటల లెక్కతోపాటు ఇదీ చూడాలి.

పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఫీజెంత, ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. విమానంలో చిక్కొస్తే ఎవరు నడపాలి, ఎవరు సరిచేయాలి, అది ఎప్పుడు నేర్పుతారని కూడా అడగాలి. జవాబు తడుముకునే చోట పిల్లల్ని చేర్చకపోవడమే మేలు.