గరీబు పాట

తెలుగునాట గరీబనగా పేదవాడు. ఆ మాటకు పుట్టినిల్లయిన అరబ్బీలో ముందుగా పరదేశి, స్వస్థలమునకు దూరమైనవాడు. ఆ ధాతువునుండియే వెలువడిన ‘గుర్బెత్’ తుర్కీలో ప్రవాసమునకు పేరు. బాధ యను అర్థము గల మన దర్దు అక్కడ ‘దెర్త్’. ఊరూర సాజ్ వాద్యము మీటుచు పాడు కవిగాయకుని తుర్కులు ఆషిక్ అందురు. ప్రియురాలికై అలమటించువానిని, పరమాత్మకై అలమటించువానిని ఒక్క మాటతోనే పిలిచిన ఆ జాతికి మేము చేతులెత్తి మ్రొక్కుదుము. ఏలయన ఆ పాటలలోని వేదన ఎవరికొరకైనదో విడదీసి చూపుట వినువానివలన నగునది కాదు. అలెవీ శాఖవారి ప్రార్థనా సమావేశములలో సాజ్ మ్రోగవలసినదే. దానికి వారు తంత్రులు గల ఖురాన్ అని పేరిడిరి.

ఆషిక్ వెయ్సెల్ 1894లో సివాస్ ప్రాంతపు పల్లె యొకదానిలో అట్టి అలెవీ కుటుంబముననే జన్మించెను. ఏడవయేట మశూచికము చూపును హరింపగా, బిడ్డకు కాలక్షేపమగునని తండ్రి ఒక సాజ్ తెచ్చి యిచ్చెను. మల్బరీ కొయ్యను తొలిచిన కుండయు, సన్నని పొడుగుపాటి దండియు గల ఆ వాద్యమునకు మెట్లు పాతియుంచినవి కావు, దండి చుట్టును దారమువలె బిగించి కట్టినవి; కావుననే వానిని కొలదిగా జరుపుకొని, స్వరస్వరమునకు నడుమ దాగిన సూక్ష్మశ్రుతులను పలికించుకొనవచ్చును. చెర్రీచెట్టు బెరడు ముక్కతో తీగ మీటుట పూర్వాచారము. వెయ్సెల్ యౌవనమున అతని మొదటి భార్య పాలేరుతో వెడలిపోయెను. ఆమె పోదలచినదని ముందే గ్రహించి, దారిలో కష్టపడకుండవలెనని ఆమె మేజోడులో అతడు డబ్బు దాచి యుంచెనని జనులు నేటికిని చెప్పుకొందురు. అది జరిగినదో, కల్పించుకొన్నదో యని మేము తర్కింపము. చీకటిలో మేజోడును తడుముచున్న ఆ గ్రుడ్డివాని చేతులు మాత్రము మా కనులయెదుట నుండి తొలగుట లేదు.

పల్లెపాటలోని ఈ వేదన పట్టణమునకు వచ్చిన పిదప గతి మారెను. 1934లో తుర్కీ ప్రభుత్వము పాశ్చాత్యఫణితినే నాగరికతగా నెంచి, ఉస్మానీ శాస్త్రీయసంగీతమును రేడియోనుండి దాదాపు రెండేండ్లు బహిష్కరింపగా, శ్రోతలు కైరో కేంద్రమువైపు మరలిరి. ఈజిప్టు చలనచిత్రములు ఇస్తాంబుల్ జనమును ముగ్ధులను చేసెను. 1950 తరువాత పల్లెలు విడిచి వచ్చిన కూలిజనము నగరపుటంచున కట్టుకొన్న ఇండ్లకు ‘గెజెకొండు’ అని పేరు, అనగా రాత్రికి రాత్రి వెలసినది. పల్లె సాజును, అరబ్బీ బాణీ వాయులీనబృందమును కలిసి, ఆ వాడలవారి గుండెచప్పుడైన గానమే అరబెస్క్. విద్యావంతులు దానిని హీనమని యీసడించిరి. ప్రభుత్వ ప్రసారసంస్థ తలుపు మూసెను. ఐనను అరబెస్క్ గాయకుడు ఓర్హాన్ గెంజెబాయ్ కంఠము కేసెట్లకెక్కి, కిరాయి బండ్లలో దేశమంతట తిరిగెను. తలుపు మూసినవారు తమ ప్రజల దెర్తును వినలేకపోయిరని మా నిశ్చయము.

మరియొక అరబెస్క్ గాయకుడు ముస్లుమ్ గుర్సెస్ (1953–2013) కచేరీలలో యువకులు బ్లేడులతో తమ రొమ్ములు కోసికొనెడివారు. దానిని మేము మెచ్చము. జుగుప్సతో ముఖము త్రిప్పుకొనుటయు మాకు చేతకాదు. ఉర్ఫా ప్రాంతమున పుట్టి అదనాలో పెరిగిన ఆ గాయకుడు తండ్రి చేతిలోనే తల్లిని పోగొట్టుకొన్నవాడు. ఊరు లేక, ఆదరించు పెద్ద లేక నగరమున పడియున్న ఆ బిడ్డలు అతనిని ‘బాబా’ అని పిలిచిరి. తుర్కీలో బాబా యనగా తండ్రి.