జమానతు లేని శాంతి మాట

చెరకు నరికే కూలి రేటు మీద తగాదా వస్తే మన ఊళ్లలో ఏం చేస్తాం? రెండు పక్షాలనూ కూర్చోబెడతాం. మాట కుదిరాక ఎవరో ఒకరు లేచి, "సరే, దీనికి జమానతు ఎవరు?" అని అడుగుతారు. జమానతు లేని మాట తెల్లారేసరికి మారిపోతుందని బోధన్ పొలాల్లో పనిచేసిన ప్రతి కూలీకీ తెలుసు. ప్రభుత్వాలకూ, తుపాకులు పట్టిన దళాలకూ మధ్య జరిగే శాంతి చర్చలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదు మంజీరా అతిథి గృహంలో మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులు ప్రభుత్వంతో ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, అటువైపు రామకృష్ణ, అమర్, రియాజ్. అంత దూరం తేవడానికి ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలోని పౌరస్పందన వేదిక 1997 నుంచి తిరగని ఊరు లేదు, తట్టని తలుపు లేదు. ఆ నాలుగు రోజులూ మా దిక్కు టీ కొట్ల దగ్గర కూలీలు వార్తల కోసం గుమిగూడేవారు. వాళ్లు అడిగింది ఒక్కటే: "భూమి సంగతి ఏమన్నరే?" ఎందుకంటే భూమి పంపిణీ ఆ చర్చల్లో ముఖ్యాంశం.

తర్వాత ఏం జరిగింది? రెండో విడత చర్చలు జరగనే లేదు. దళాలు ఆయుధాలతో ఊళ్లలోకి రాకూడదని పోలీసులు, ఆయుధం వదిలేది లేదని వాళ్లు. 2005 జనవరి నాటికి మళ్లీ ఎన్‌కౌంటర్లు మొదలైనయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆ జూలైలో, చర్చల బల్ల దగ్గర కూర్చున్న రియాజే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డినీ, ఆయనతో ఉన్నవారినీ మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం మళ్లీ వచ్చింది. ఎవరు ముందు మాట తప్పారు అని అడిగితే ఒకరి వేలు ఇంకొకరి మీద. లెక్క రాసి చెప్పే అధికారం ఎవరికీ లేదు. శంకరన్ గారికి, కన్నబిరాన్ గారికి ప్రజల్లో గౌరవం ఉంది గాని, ఠాణాలోకి పోయి, అడవిలోకి పోయి విచారించే హక్కు వారికి ఎవరిచ్చారు?

ఇప్పుడు నేపాల్ చూడండి. అక్కడి ఏడు పార్టీలకూ, మావోయిస్టులకూ 12 అంశాల ఒప్పందం కుదిరింది 2005 నవంబరులో. ఎక్కడ? మన ఢిల్లీలో! హైదరాబాదులో చర్చలు కుప్పకూలిన సంవత్సరమే. పొరుగు దేశపు సాయుధులు రాజీకి రావడానికి మన రాజధాని వేదికయింది. 2006 నవంబరులో అక్కడ సమగ్ర శాంతి ఒప్పందం జరిగింది. 2007లో ఐక్యరాజ్యసమితి బృందం వచ్చి ఇరుపక్షాల ఆయుధాలనూ పెట్టెల్లో పెట్టించి కాపలా కాసింది. 19,602 మంది మావోయిస్టు సైనికులను పేరుపేరునా నమోదు చేసింది. అదీ జమానతు అంటే.

కొలంబియాలో 2016 ఒప్పందానికి క్యూబా, నార్వే జామీనుగా నిలిచాయి. ఆ ఒప్పందంలో మొదటి అంశం ఏమిటో తెలుసా? భూమి! పేద రైతుల కోసం 30 లక్షల హెక్టార్ల భూనిధి అని రాసుకున్నారు.

అయితే విదేశీయులు వస్తే అంతా చక్కబడుతుందని భ్రమ పడరాదు. శ్రీలంకలో నార్వే మధ్యవర్తిత్వంతో 2002లో కాల్పుల విరమణ జరిగింది. 2008 జనవరిలో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, 2009 మేలో యుద్ధం వేలమంది తమిళ సామాన్యుల శవాల మీద ముగిసింది. కొలంబియాలో సంతకాలయ్యాక కూడా ఆయుధం దించిన వందల మందిని చంపారు. జామీనుదారుకు తుపాకి ఉండదు, సాక్ష్యం ఉంటుంది. ఆ సాక్ష్యాన్ని వినే జనం లేకపోతే అది కాగితమే.

మన ప్రభుత్వాలు "ఇది మా ఇంటి గొడవ" అంటాయి. సరే. నాగా నాయకులతో మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో, బ్యాంకాక్‌లో మాట్లాడారు కదా! 2025లో మావోయిస్టులు చర్చలకు సిద్ధమన్నప్పుడు కేంద్రం ముందు ఆయుధాలు దించమన్నది, 2026 మార్చి 31 అని గడువు పెట్టింది. ఆ మే 21న నంబాళ్ల కేశవరావుతో సహా 27 మంది అబూజ్‌మడ్‌లో చనిపోయారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ ఆయుధం అప్పగించాడు. తుపాకులు తగ్గినంత మాత్రాన తగాదా తీరిందా?

తీరలేదు. 2004 చివర వేసిన కోనేరు రంగారావు భూమి కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. పేదలకిచ్చిన అసైన్డు భూములు పెద్దల చేతుల్లోకి ఎట్లా పోయాయో అందులో ఉంది. ఆ భూముల్లో ఎన్ని తిరిగి పేదల చేతికి వచ్చాయో మీ ఊళ్లోనే లెక్క చూసుకోండి. బోధన్‌లో నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు వేల ఎకరాల సొంత ఫారాలుండేవి. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ చెరకు నరికిన కూలీకి ఏం దక్కింది? కొడవలి దక్కింది.

కనుక కూలీల పక్షాన మన మాట రెండు ముక్కల్లో చెప్పాలి. ఒకటి, ఏ రాష్ట్రంలో, ఏ దళంతో చర్చలు జరిగినా ఇరుపక్షాలనూ తనిఖీ చేసే హక్కు గల జామీను సంఘం ఉండాలి. విదేశీయులు వద్దంటే రిటైరైన జడ్జీలు, మేధావులు, కూలీ సంఘాలవాళ్లు ఉండండి. వారికి చట్టబద్ధమైన అధికారం ఇవ్వండి. ఇన్‌ఫార్మరు అని పేదవాణ్ణి చంపినా, ఎన్‌కౌంటరు అని పేదవాణ్ణి చంపినా ఆ సంఘం ఒకే పుస్తకంలో రాయాలి. రెండు, భూమి పంపిణీని కాల్పుల విరమణకు ముడిపెట్టకండి. చర్చలు విరిగినా, సాగినా పట్టా పట్టాయే.

2004లో టీ కొట్టు దగ్గర అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. నార్వే నుంచి ఎవరూ వచ్చి దాన్ని మన తరఫున అడగరు. గ్రామసభలో, మండలాఫీసు మెట్ల మీద మనమే అడగాలి. ఈసారి జమానతు పేరు రాయించుకున్నాకే లేవాలి.