బోర్డు మీద శిక్ష ఉంది, కథ లేదు

మాచర్ల నుంచి దుర్గి మీదుగా కారంపూడి పోయే బస్సులో చాలా ఏళ్లు కండక్టరుగా చేశాను. కార్తీక అమావాస్య వచ్చిందంటే ఆ రూటులో బస్సు తలుపు మూతపడేది కాదు. కారంపూడిలో ఐదు రోజులు పల్నాటి వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. ఎక్కడెక్కడి నుంచో ఆ వీరులను కొలిచే ఆచారవంతులు పూజలో పెట్టుకున్న ఆయుధాలకు గుడ్డ చుట్టుకుని ఎక్కేవాళ్లు. వాటిని కింద పెట్టేవాళ్లు కాదు, దారి పొడుగునా ఒళ్లోనే.

ఒకసారి అలా ఎక్కిన ఒక పెద్దాయన్ని పక్క సీటులో కాలేజీ కుర్రాడు, "ఏంటి తాతా అది?" అన్నాడు. కారంపూడి స్టేజీ వచ్చేదాకా ఆ పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. నాగులేటి ఒడ్డున ఒక తండ్రి బిడ్డలే రెండు సేనలై నిలబడటం, వాళ్లలో మలిదేవుడు కోడిపందెంలో ఓడి రాజ్యం విడిచిపోవడం, బాలచంద్రుడి తెగువ, అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు. నేనూ టిక్కెట్లు ఆపి విన్నాను. ఆ కుర్రాడిది రెండు స్టేజీల అవతలి ఊరే. అతను ఆ కథ వినడం అదే మొదలు.

తర్వాతి ఏడు ఆ పెద్దాయన బస్సు ఎక్కలేదు. ఆ మరుసటేడూ లేదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం ఇన్నాళ్లు నిలిచింది అలాంటి నోళ్లలోనే. రోడ్డు పక్క ఆకుపచ్చ బోర్డు మాత్రం కారంపూడి ఎన్ని కిలోమీటర్లో చెప్పి ఊరుకుంటుంది.

పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర నీలం బోర్డు ఒకటి చూసే ఉంటారు. 1958 నాటి చట్టం ప్రకారం ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా అని రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక ఉండాల్సిందే. కానీ దేన్ని కాపాడమంటున్నారో, అది ఎందుకు విలువైందో చెప్పకుండా శిక్ష ఒక్కటే చెబితే జనానికి భయం కలుగుతుంది గానీ మమకారం ఎలా కలుగుతుంది?

మా ఊరి చెరువు కట్ట కింద ఒక వీరగల్లు ఉండేది. కింది వరసలో కత్తి పట్టిన మనిషి, నడిమి వరసలో అతన్ని మోసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న అదే మనిషి. అన్నిటికీ పైన సూర్యుడూ చంద్రుడూ, వాళ్లున్నంత కాలం ఇతని పేరు ఉండాలని. దొంగలు తోలుకుపోయిన ఊరి ఆవులను మళ్లించుకొస్తూ చచ్చిపోయాడని మా నాయనమ్మ చెప్పేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పొక్లెయిను ఆ రాయిని మట్టితో పాటు గుంటలోకి నెట్టింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పైన కంకర పరిచేశారు. బండి నడిపిన అబ్బాయిని తిట్టబుద్ధి కాలేదు. అది ఎవరి రాయో చెప్పే అక్షరం అక్కడ ఒక్కటీ లేదు.

అందుకే అడుగుతున్నాను, బస్టాపుల్లో కథల రాళ్లు పెట్టండి. బస్సు కోసం నిలబడ్డ మనిషి గోడ మీది సిమెంటు ప్రకటన కూడా రెండుసార్లు చదువుతాడు, నా కళ్లతో చూశాను. ఫ్లెక్సీలు వద్దు, ఒక్క వానాకాలానికే పేలికలవుతాయి. ఆ దారిలోనే దుర్గి ఉంది. అక్కడి శిల్పులు చెక్కే రాతి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పల్నాటి కథను పల్నాటి రాతి మీద వాళ్ల చేతే చెక్కించవచ్చు. ఒక్క షరతు. ఆవిష్కరించిన నాయకుల పేర్లు ఆ రాతి మీద ఉండకూడదు. మన శిలాఫలకాల్లో వాళ్ల పేర్లకే చోటంతా పోతుంది.

ఎవరి కథ రాయాలో తగువొస్తుందంటారు. రానివ్వండి. రాసింది గ్రామసభలో చదివి వినిపించండి, తప్పుంటే ఊరే దిద్దుతుంది. రుజువున్న మాటను రుజువున్నట్టు, ఊరు చెప్పుకునే మాటను ఊరు చెప్పుకునేదని విడిగా రాస్తే సగం తగువు అక్కడే తీరుతుంది.

దుర్గి బస్టాపు రాయి నన్ను రాయమంటే ఇలా రాస్తాను: "కన్నెగంటి హనుమంతు. ఊరు మించాలపాడు. అడవిలో పశువులు మేపుకున్నందుకు తెల్లదొరల సర్కారు వేసిన పుల్లరి కట్టనన్నాడు, చుట్టుపక్కల రైతులనూ కట్టవద్దన్నాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. నెత్తురోడుతూ నీళ్లడిగితే ఇవ్వనివ్వలేదని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. సమాధి కోలగట్లలో ఉంది."

కింద ఒక బాణం గుర్తు, కోలగట్ల ఎన్ని కిలోమీటర్లో. రాయి పక్కన ఒక మంచినీళ్ల కుండ కూడా పెట్టిస్తాను.