పొలమునకు తగిన బూట్లు

ఒంటిమిట్ట ప్రాంతమున రాత్రివేళ మడవ త్రిప్పబోవు రైతులలో అనేకులు నేటికిని గట్టు మీద చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో కయ్యలో దిగుచున్నారు. భూమాతపై భక్తి యని పెద్దలందురు. ఆ భక్తిని కాదనను. కాని గట్టు బొరియలోని రక్తపింజరకు ఆ సంగతి తెలియదు గదా!

పాముకాట్లలో ఎక్కువ భాగము పాదముల మీదను, పిక్కల మీదను పడుచున్నవి. 2005లో మన దేశమున సుమారు 46,000 మంది పాముకాటుతో మరణించిరని అంచనా. జనాభాను బట్టి చూడగా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ మరణములు అత్యధికము. 2030 నాటికి వీటిని సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో కార్యప్రణాళికను ప్రకటించినది. ఆసుపత్రిలో విరుగుడు మందు ఉండవలసినదే. అయినను పొలములో మొదటి రక్ష బూటే.

బూట్లు కొనియు దూలమునకు వ్రేలాడదీసిన ఇండ్లు గలవు. పాము కరవకుండ కొన్న బూటు తానే కరచినచో ఎవరు తొడుగుదురు? కావున సుఖముగా నున్నదా యని ముందు చూడవలెను. మంగంపేట ముగ్గురాయి గనులలో వ్రేళ్లపై ఉక్కు కప్పు గల బూటు అవసరమే. బురద కయ్యలో అది వట్టి బరువు. చీలమండ వరకే వచ్చు తోలు బూటు పిక్కను కాపాడదు. పురుగుమందు పీల్చిన తోలు ఎంత కడిగినను శుభ్రపడదు. మోకాలి క్రింది వరకు వచ్చు రబ్బరు గంబూటే మనకు తగినది. పగటి ఎండలో అది ఉడుకెత్తును గనుక రాత్రి నీటి పనికిని, మందు చల్లుటకును మాత్రము వాడినను చాలును.

పాదములు కొంచెము ఉబ్బి యుండు సాయంకాలమే కొనుడు. నూలు మేజోళ్లతో తొడిగి, నిలుచుండి, వ్రేళ్ల ముందు బొటనవ్రేలంత చోటు గలదో లేదో చూడుడు. నాలుగడుగులు నడచి, గొంతుకూర్చుని లేవుడు. మడమ జారినచో ఆ జత వలదు. వాడగా సర్దుకొనునని అంగడివాడు చెప్పును. తోలువలె రబ్బరు కాలికి అమరదు. మందు చల్లునపుడు పంట్లాము బూటు పైకి వ్రేలాడవలెను. లోపల దోపినచో మందు కాలిలోనికి కారును. తొడుగుటకు ముందు తలక్రిందులుగా దులుపుడు, తేలు ఉండవచ్చును.

ఇక కలుపు తీయు కూలీ స్త్రీల మాట. మందు పంపు కొను ఆసామి వారి బూట్లను కూడ సాగు ఖర్చులో వ్రాసికొనుట న్యాయమని నా అభిప్రాయము. వారి కొలతలు అంగళ్లలో సులభముగా దొరకవు. గ్రామోద్యోగులు పూనుకొని ఊరి కొలతలన్నియు ఒక కాగితమున వ్రాసి వర్తకునికి ఇచ్చినచో, తొలకరికి ముందే తెప్పింపవచ్చును.