అరువు టైర్లు

మా ఇంట్లో ఒక మారుతీ 800 వుంది. 2009లో ఎవరో కొనుక్కుని, ఏడేళ్ళు వాడి, 2016లో నాకు అమ్మారు. "ఇది బండి కాదండీ, బంగారం!" అన్నాడు అమ్మినాయన. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. అతిశయోక్తిని ఆమడ దూరాన గుర్తుపట్టగలను. కాని ఆవేళ ఎందుకో అది స్వభావోక్తిలాగే వినిపించింది.

మన దేశంలో సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరవాత బండిని తీసుకువెళ్ళి చూపించి, మళ్ళీ అయిదేళ్ళకి రాయించుకోవాలి. 2024లో మా బండికి ఆ ముహూర్తం వచ్చింది. రుసుమే అయిదువేలు. "పాసవుతుందంటావా?" అని మా మెకానిక్కుని అడిగాను.

అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "లైట్లు వెలుగుతున్నాయి. హారను మోగుతోంది. బ్రేకులు నేను చూస్తాను. టైర్లే గుండు కొట్టేశాయి మాస్టారూ!" అన్నాడు.

కారు టైరు మీద గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు వుండాలని నిబంధన. మా టైర్లని చేత్తో తడిమితే గాడి అనేది తగిలితేగా! నాలుగూ కొత్తవంటే పదివేల పైమాటే. నా ముఖం చూసి అతనే వుపాయం చెప్పాడు.

"కొనక్కర్లేదు లెండి. షెడ్డులో ఇంకొకరి 800 వుంది. టైర్లు కొత్తవి. పొద్దున్న మీ బండికి ఎక్కిస్తాను, సాయంత్రం దింపేస్తాను. బ్రేకు ఇనస్పెక్టరు గారు చూసేది పది నిమిషాలేగా!"

ఇరవై ఏళ్ళుగా పరీక్ష హాల్లో కాపీ చీటీలు పట్టుకుంటున్న మనిషిని నేను. ఏమని వుంటానంటారు? "సరే" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే వుంది. చెప్పకపోతే మాత్రం ఇది రాయడమే దండగ.

బండి పాసయింది. సాయంత్రానికి అరువు టైర్లు వాటి ఇంటికి అవి పోయాయి, మా గుండు టైర్లు మా ఇంటికి వచ్చాయి. అయిదేళ్ళ కాగితం బీరువాలో పెట్టి హాయిగా నిద్రపోయాను.

మూడోనాడు మా అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెడుతున్నాను. చినుకులు మొదలయి జోరు వానయింది. మలుపు దగ్గర ఒక కుర్రాడు సైకిలు మీద అడ్డం వచ్చాడు. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి గాని బండి ఆగలేదు! నున్నటి గచ్చు మీద పీట జారినట్టు జారి, పక్కకి తిరిగి, ఆ కుర్రాడికి జానెడు దూరంలో నిలిచింది. వాడు బిక్కచచ్చి చూశాడు. వెనక సీట్లో అమ్మ కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. దాన్ని తడుముకుంటూ ఒకే మాట అంది: "మొన్ననే పాసయిందన్నావు కదరా!"

టైరుకి గాడులు అందం కోసం కాదు, తడి రోడ్డు మీద నీళ్ళని పక్కకి తోసేయడానికి. అవి అరిగిపోతే టైరుకీ రోడ్డుకీ మధ్య నీరు చేరుతుంది. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపవలసింది టైరు.

ఆ రాత్రి ఇంగ్లండులో వున్న మా బావమరిదికి ఫోనులో ఈ గోడు చెప్పుకున్నాను. అతనిదీ పాత కారే, పన్నెండేళ్ళది. అక్కడ ఈ పరీక్ష 1960లో మొదలయింది. మొదట పదేళ్ళు దాటిన బండ్లకే పెట్టారు. ఇప్పుడు మూడేళ్ళు దాటితే చాలు, ఏటా చూపించవలసిందే. మొదటి విడతలో పదింటికి సుమారు మూడు తప్పుతాయి. ఎక్కువగా లైట్లు, స్ప్రింగులు, బ్రేకులు, టైర్ల దగ్గరే. పాసయిన బండికి కూడా "ఫలానాది అరుగుతోంది, కనిపెట్టి వుండండి" అని రాసి ఇస్తారు. పాత ఫలితాలన్నీ బండి నంబరు కొడితే ఎవరికయినా కనిపిస్తాయి.

"మరి నీ బండి ఏటా పాసవుతోందా?" అన్నాను.

"నాలుగుసార్లు వెడితే రెండుసార్లు తప్పింది బావా. తప్పిన ఏడే నాకు మేలయింది. విరిగిన స్ప్రింగు బయటపడింది. అయినా పాసంటే ఆ రోజుకి బాగుందని మాత్రమే. ఏడాది పొడుగునా బాగుంటుందని ఎవరు పూచీ వుంటారు?"

ఏడాదికే పూచీ లేనప్పుడు, నేను అరువు టైర్లతో అయిదేళ్ళ ధీమా కొనుక్కున్నానన్నమాట! తెల్లవారగానే వెళ్ళి నాలుగు కొత్త టైర్లు వేయించాను.

"కాగితం వచ్చేశాక కొంటారేమిటండీ?" అని మెకానిక్కు నవ్వాడు.

"కాగితం కోసం కాదయ్యా, వాన కోసం" అన్నాను.

ఇప్పుడు నెలకొక ఆదివారం టైర్లు తడిమి చూస్తాను. మా అబ్బాయిని వెనక నిలబెట్టి, బ్రేకు తొక్కి, లైటు వెలుగుతోందో లేదో చెప్పమంటాను. పావుగంట పని. అమ్మకి జరిగినదంతా చెప్పేశాను. చెప్పి పొరపాటు చేశానేమో! ఇప్పటికీ కారెక్కే ముందు పదిమందిలోనూ అడుగుతుంది:

"టైర్లు మనవేనా నాయనా?"